ఉల్లిగడ్డల బండి మీద అంతయ్య పేరు

ఉల్లిగడ్డల మైకు వినిపిస్తే పెద్దపల్లిలో ఆడవాళ్లు సంచులు పట్టుకుని వాకిట్లోకి వస్తారు. పెయింటర్ అంతయ్య మాత్రం షెడ్డు లోపలికి పోతాడు. చేతిలో చాయ్ ఉంటే చాయ్‌తో, స్ప్రే గన్ ఉంటే గన్‌తో, ఎవరితోనన్నా మాట్లాడుతుంటే ఆ మాటను సగంలో వదిలేసి మరీ పోతాడు. పోయి రేకుల గోడ పక్కన నిలబడతాడు. మైకు మంథని రోడ్డు దాటి మార్కెట్ వైపు మళ్లి, చప్పుడు సన్నబడ్డాక గానీ బయటికి రాడు.

ఉల్లిగడ్డలమ్మే సాంబయ్యతో అతనికి పాత పగలేమీ లేవు. ఉన్నదల్లా ఒక్కటే. సాంబయ్య ట్రాలీ ఆటో వెనక తలుపు మీద, ఎడమ మూలన, 'అంతయ్య, పెద్దపల్లి' అని పసుపుపచ్చ అక్షరాలు ఉన్నాయి. బండికి రంగు వేసింది అంతయ్యే. ఎండాకాలం చివర్లో వేసినప్పుడు అది ఎర్రటి ఎరుపు. ఇప్పుడు వానాకాలం సగం కూడా కాలేదు, బండి వెలిసిపోయిన గులాబీ రంగుకు తిరిగింది. తలుపుల మీద బొబ్బలు లేచాయి. మడ్‌గార్డుల దగ్గర రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడి లోపలి రేకు కనబడుతోంది. మొత్తం బండి మీద చెక్కుచెదరకుండా నిగనిగలాడుతున్నది ఆ పేరొక్కటే.

అలాంటి బండి ఏ మూలనో పడి ఉంటే అంతయ్యకు ఇంత బాధ ఉండేది కాదు. అది పొద్దున లేస్తే మైకు పెట్టుకుని, ఊళ్లో ఒక్క గల్లీ కూడా వదలకుండా, మనుషులను ఇళ్లల్లోంచి పిలిచి మరీ తనను తాను చూపించుకుంటోంది. ఇంతకంటే ఘోరంగా ఒక పెయింటర్ పరువు తీయాలంటే ఎవరివల్లా కాదు.

పేరు రాసే అలవాటు అంతయ్యకు మంచిర్యాలలో అబ్బింది. పెళ్లికి ముందు అక్కడ బొగ్గు లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పని నేర్చుకున్నాడు. అక్కడి మేస్త్రీ ఒక రివాజు పెట్టాడు. పని మొత్తం అయిపోయి, బండి ఓనరు కొబ్బరికాయ కొట్టాక, అన్నిటికంటే చివర పెయింటర్ తన పేరు రాయాలి. పేరు రాశాక ఆ బండికి మళ్లీ బ్రష్ తగలకూడదు. సరిచేసేది ఏదన్నా ఉంటే ముందే సరిచేసుకోవాలి. "పేరు రాసినమంటే ఆ బండి మంచిచెడ్డ మనదని ఒప్పుకున్నట్టురా" అనేవాడు మేస్త్రీ. ఆయన పోయి చాలా కాలమైంది. అంతయ్య పెద్దపల్లిలో సొంత షెడ్డు వేసుకుని, లారీలు, ట్రాక్టర్లు, స్కూలు వ్యాన్లు, వరికోత మిషన్లు, ఏది వచ్చినా పసుపుపచ్చ ఎనామిల్‌తో ఆ రెండు మాటలు రాస్తూనే ఉన్నాడు. ఫోన్ నంబరు రాయడు. పేరు చదివినవాడు వెతుక్కుంటూ వస్తాడని ధీమా. ఓసారి ఆసిఫాబాద్ నుంచి ఓ లారీ డ్రైవర్ అట్లా వచ్చాడు కూడా. ఆ సంగతి అంతయ్య ఇప్పటికీ, వినేవాళ్లు దొరికితే చాలు, చెబుతాడు.

మరి ఇంత పట్టింపు ఉన్నవాడు ఆ ఉల్లిగడ్డల బండిని అట్లా ఎట్లా చేశాడు? అదే కదా మొత్తుకోలు.

మొదట ధరల సంగతి చెప్పాలి. బస్టాండు దగ్గర శ్యాంసుందర్ సేటుకు బండ్ల రంగుల దుకాణం ఉంది. అంతయ్యకు కావలసినవన్నీ అక్కడే దొరుకుతాయి. పోయిన ప్రతిసారీ ఏదో ఒకటి పెరిగే ఉంటుంది.

"సేటూ, మొన్ననే కద పెంచినవ్?"

"మొన్న పెరిగింది పుట్టీ. ఇప్పుడు పెరిగింది హార్డ్‌నర్."

"ఎందుకు పెరిగింది?"

"యుద్ధమైతుంది గదనే."

"నిరుడు గూడ యుద్ధమే అన్నవ్."

"గది వేరే యుద్ధం."

ఇంకోసారి పోతే డాలర్ అంటాడు. ఇంకోసారి పోతే ఓడలు ఆగిపోయాయంటాడు. ఎక్కడో సముద్రంలో ఓడ ఆగితే పెద్దపల్లిలో మాస్కింగ్ టేపు ధరకు రెక్కలు ఎందుకు రావాలో అంతయ్యకు ఎంత ఆలోచించినా అంతుపట్టదు. పెరిగిన రోజున అల్మారాలో ఎప్పటినుంచో ఉన్న డబ్బాకు కూడా కొత్త ధరే. ఎప్పుడన్నా తగ్గిందని పేపర్లో చూసి పరుగెత్తుకుపోతే "గది పాత స్టాకు, పాత రేటే" అంటాడు సేటు. పోనీ తిడదామా అంటే, అతను నవ్వుతూ కుర్చీ వేసి, నీళ్లిచ్చి, మరీ చెబుతాడు. తిట్టడానికి కూడా సందు ఇవ్వడు.

"పైనుంచే పెరిగింది అంతన్నా, నేనేం జేద్దు?" అంటాడు. పైన అంటే ఎక్కడో, ఆ పైన ఎవరున్నారో తెలిస్తే అంతయ్య ఆ మెట్లన్నీ ఎక్కి పోయి అడిగే మనిషే. కానీ ఆ మెట్లు ఎక్కడున్నాయో సేటుకూ తెలియదు.

పెరిగితే పెరిగింది, ఆ పెరిగింది బండివాళ్ల దగ్గర తీసుకోవచ్చు కదా అని ఎవరన్నా అనొచ్చు. ఈ ప్రాంతంలో పని గుత్తకు పడతారు. సామాన్లు, మజూరి అంతా కలిపి ఒక్క మాట. బేరం తెగాక ఇద్దరూ కలిసి చాయ్ తాగితే ఆ మాట ఖాయం. చాయ్ తాగాక ఇంకొంచెం ఇయ్యుమని అడగడం అంతయ్యకు అన్నం తిన్న ఇంట్లో చెంబు ఎత్తుకుపోవడంతో సమానం. అట్లా ఓ ప్రైవేటు బడి నడిపే కరుణాకర్ దగ్గర స్కూలు బస్సును గుత్తకు పట్టాడు. చాయ్ తాగింది చలికాలంలో. బస్సు షెడ్డుకు వచ్చింది బడికి సెలవులిచ్చాక. ఈ మధ్యలో ప్రైమర్ పెరిగింది, థిన్నర్ పెరిగింది, ఆఖరికి రుద్దే వాటర్ పేపరు కూడా పెరిగింది. అంతయ్య నోరు తెరిచి అడగలేదు. కరుణాకర్ తనంతట తాను ఇవ్వలేదు. బస్సు మెరుస్తూ వెళ్లిపోయింది. ఆ నెలంతా ఇంట్లో పప్పుచారే.

అంతయ్య దగ్గర పనిచేసే మల్లేష్ అప్పుడే కరీంనగర్‌లో ఓ కార్ల షోరూముకు వెళ్లిపోయాడు. అతని భార్య అనసూర్య బీడీలు చుట్టడం మానేసి షెడ్డుకు వచ్చింది. పుట్టీ ఆరాక నీళ్లు పోసి పేపరుతో రుద్దే పని ఆమెది. వాడిన మాస్కింగ్ టేపును కూడా మెల్లగా ఒలిచి, ఇనుప పైపుకు అతికించి పెట్టేది, ఇంకోసారికి పనికొస్తుందని.

"నువ్వు రంగులేస్తున్నవా, దానం జేస్తున్నవా?" అంది ఆమె ఒకరోజు, మోచేతుల దాకా పుట్టీ బూడిదతో. "నా చేతుల తోలు ఊడవట్టె. గీ అరుగుడు ఎవలికోసమయ్యా?"

ఆ మాట అంతయ్యకు సూటిగా తగిలింది. మూడో రోజు డబ్బాల అడుగున మిగిలిన రంగులన్నీ బయటికి తీసి, షెడ్డు గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: 'సామాన్ మీది, మజూరి నాది.' ఒక్కో అక్షరం ఒక్కో రంగు. రాసి, రోడ్డు అవతలికి పోయి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసుకున్నాడు. ఇక ఏ యుద్ధం వచ్చినా తనకేమిటి? డాలరుతో తనకేం పని? సేటు దగ్గర బండివాళ్లే తలకాయ పగలగొట్టుకుంటారు. ఇంత తేలికైన ఉపాయం ఇన్నేళ్లూ ఎందుకు తట్టలేదా అని తనను తానే తిట్టుకున్నాడు.

ఆ గోడ చూసి చాలామంది బండి ఆపకుండానే పోయారు. ఆపినవాడు సాంబయ్య.

సాంబయ్య మస్కట్‌లో పదేళ్లు డ్రైవరుగా చేసి వచ్చాడు. తెచ్చుకున్నదాంట్లో చెల్లెలి పెళ్లికి పోగా మిగిలినదానితో పాత ట్రాలీ ఆటో కొన్నాడు. ఉల్లిగడ్డలు, ఎల్లిపాయలు అమ్ముకుని బతుకుదామని ఆలోచన. మనిషి మంచివాడే గానీ, చౌక అన్న మాట చెవిన పడితే నిలబడలేడు. సామాన్లు తానే తెచ్చుకోవాలని వినగానే మొహం వెలిగిపోయింది. కరీంనగర్‌లో తెలిసినవాడున్నాడని వెళ్లి, సగం ధరకే అన్నీ సంచిలో వేసుకుని వచ్చాడు.

అంతయ్య థిన్నర్ డబ్బా మూత తీసి వాసన చూశాడు. వేలికి రాసుకుని రుద్ది చూశాడు. రంగును గట్టిపరిచే హార్డ్‌నర్ సీసా అటూ ఇటూ వంచి చూశాడు.

"సాంబయ్యా, గిది మంచిది గాదు."

"డబ్బ జూడన్నా, కంపెనీదే."

"డబ్బ కంపెనీదే. లోపలున్నది ఏ కంపెనీదో దేవునికెర్క. వాపస్ ఇచ్చి రా."

"వాపస్ తీసుకోనని ముందుగాలనే చెప్పిండు గాయన" అన్నాడు సాంబయ్య. తర్వాత గోడ వైపు వేలు చూపించాడు. "అయినా, ఏం రాసినవన్నా? సామాన్ మీది అని రాసినవ్. నా సామాన్ నేను దెచ్చుకున్న. మల్ల గిదేంది?"

గోడ మీద రాసేటప్పుడు ఈ మాట తనకు ఎదురొస్తుందని అంతయ్య అనుకోలేదు. కోపం ముంచుకొచ్చింది. సాంబయ్య మీద కాదు. కరుణాకర్ మీద, సేటు మీద, మెట్లు కనబడని ఆ పైవాళ్ల మీద. అంతమంది మీది కోపానికి ఎదురుగా దొరికింది సాంబయ్య ఒక్కడే.

"నీ ఇష్టం. రేపు నాకు జెప్పకు" అన్నాడు.

అనసూర్య చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "వద్దను. పంపియ్యి."

"పంపి ఏం తింటవే? ఇన్ని రోజుల సంది షెడ్డుల కుక్క గూడ పండలే."

రంగు కొట్టాడు. నాసి సామాన్ల సంగతే అంత, మొదటి రోజు మంచిదానికంటే ఎక్కువ మెరుస్తుంది. సాయంత్రం ఎండలో బండి ఎర్రగా భగభగమంది. సాంబయ్య దాని చుట్టూ తిరిగి తిరిగి చూసి, అద్దంలో చూసుకున్నట్టు తలుపులో మొహం చూసుకుని, కొబ్బరికాయ కొట్టి, "పేరు రాయన్నా" అన్నాడు.

అనసూర్య వెనక నుంచి వద్దని తల ఊపింది. అంతయ్య చూశాడు. రాయొద్దనే అనుకున్నాడు. కానీ అంత ఎర్రని బండిని పేరు లేకుండా పంపడానికి మనసు ఒప్పలేదు. ఏమో, నిలుస్తుందేమోలే అని ఒక మూలన ఆశ కూడా పుట్టింది. సొంత పెట్టెలోంచి, ఎవరికీ ముట్టనివ్వని మంచి పసుపుపచ్చ ఎనామిల్ తీసి, సన్నబ్రష్‌తో నెమ్మదిగా రాశాడు. ఆ బండి మీద అంతయ్య సొంత సామాను అదొక్కటే. అందుకే అదొక్కటి నిలిచింది.

వానలు పడ్డాయి. మొదట మడ్‌గార్డు దగ్గర చిన్న బొబ్బ. తర్వాత తలుపుల నిండా. చాయ్ హోటల్లో మనుషులకు పని దొరికింది.

"అంతన్నా, గులాబి రంగు మస్తున్నది. మా బండికి గూడ గట్లనే ఎయ్యరాదె?"

"పేరు మాత్రం ఏం రాసినవే! బండి పోయినా నీ పేరు పోదు."

అంతయ్య ప్రతివాడికీ విప్పి చెప్పేవాడు. సామాన్ నాది కాదు, వాడు నకిలీది తెచ్చాడు, నేను ముందే చెప్పాను. చెప్పీ చెప్పీ గొంతు పోయింది. వినేవాళ్లు తల ఊపి, చాయ్ తాగి, మళ్లీ నవ్వేవాళ్లు. ఆ మాటలేవీ బండి మీద రాసి లేవు. పేరు రాసి ఉంది.

ఆ వారంలోనే కరుణాకర్ ఫోన్ చేశాడు. అతని స్కూలు వ్యాన్లు రెండు షెడ్డుకు రావాల్సి ఉన్నాయి. "అంతయ్యా, గీసారి కరీంనగర్‌ల ఇస్తున్న. ఏమనుకోకు" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఫోన్‌లో వెనక నుంచి ఉల్లిగడ్డల మైకు వినబడుతోంది. ఇంక చెప్పేదేముంది?

ఇంత కాలం ఎండలో, రంగు పొగలో, ముక్కుకు తువ్వాల కట్టుకుని సంపాదించుకున్నది ఆ పేరే. అదీ పోతే రేకుల షెడ్డు, కంప్రెసర్ తప్ప మిగిలేదేమీ లేదు. అంతయ్య వాటర్ పేపరు ముక్క, పుట్టీ పూసే ఇనుప పట్టీ జేబులో వేసుకుని బయల్దేరాడు. కనీసం ఆ పేరు చెరిపేసి రావాలని.

స్టేషన్ వెనక గల్లీలో బండి ఆగి ఉంది. ముసురు పడుతోంది. సాంబయ్య రికార్డింగు ఆపి, చేతి మైకులో తానే "ఎర్రటి ఉల్లిగడ్డ, ఎండిన ఉల్లిగడ్డ" అని పిలుస్తున్నాడు. ఐలవ్వ అనే ముసలామె సంచి పట్టుకుని ఒక్కో గడ్డనూ నొక్కి చూసి ఏరుకుంటోంది. చుట్టూ ఇంకొంతమంది ఆడవాళ్లు. అంతయ్య ఎవరితోనూ మాట్లాడకుండా బండి వెనక్కి పోయి, తలుపు దగ్గర కూర్చుని, పేపరు తీశాడు.

సాంబయ్య మైకును బండి అంచుకు తగిలించి పరుగెత్తుకొచ్చాడు. దాన్ని ఆపే మీట నొక్కడం మరిచిపోయాడు.

"ఏంజేస్తున్నవన్నా?"

ఆ మాట గల్లీ చివరిదాకా మోగింది. ఇద్దరిలో ఎవరికీ అది పట్టలేదు.

"పేరు తీస్తున్న. నీ బండి మీద నా పేరుండొద్దు."

"తియ్యనియ్య. నీ పేరు తీస్తే నీ బాధ పోతది. నా బండి బొబ్బలు పోతయా? పెచ్చులు జూసి 'ఉల్లిగడ్డలు గూడ గిట్లనే ఉంటయా' అని అడుగుతున్నరు నన్ను!"

"నువ్వు తెచ్చిన సామానే గద! సగం ధర, సగం ధర అని ఉరికి తెచ్చినవ్!"

"నాకేమెర్కనే? మస్కట్ల బండి నడుపుకునేటోన్ని, రంగుల సంగతి నాకేమెర్క? డబ్బ జూసి తెచ్చిన. ఎర్కున్నోడివి నువ్వు!"

"ఎర్కనే!" అని అరిచాడు అంతయ్య, మెడ నరాలు ఉబ్బేలా. "మూత తీసిననాడే నాకు ఎర్క, గది రంగును తింటదని! ఎర్కుండే కొట్టిన!"

ఎర్కుండే కొట్టిన అన్న మాట మైకులోంచి బయటికొచ్చి, ఎదురింటి గోడకు తగిలి, మళ్లీ అతని చెవిలోనే పడింది. అప్పుడు చూశాడు మైకును. సాంబయ్య కూడా అప్పుడే చూశాడు. మిద్దెల మీద బట్టలు తీస్తున్నవాళ్లు, కిటికీల్లో ఉన్నవాళ్లు అందరూ ఇటే చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఐలవ్వ చేతిలోని ఉల్లిగడ్డను సంచిలో వేసుకుని, మెల్లగా అడిగింది.

"ఎర్కుండి ఎందుకు కొట్టినవ్ కొడుకా?"

తిట్టినట్టు అడగలేదామె. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. అంతయ్య దగ్గర జవాబులు ఎన్నో ఉన్నాయి. యుద్ధాలున్నాయి, డాలరుంది, ఓడలున్నాయి, సేటున్నాడు, బస్సు ఉంది, గోడ మీద రాత ఉంది. ఇన్నాళ్లూ చాయ్ హోటల్లో చెప్పినవన్నీ అవే. ఆ ముసలామె మొహం చూస్తే ఒక్కటి కూడా నోటికి రాలేదు. వాటర్ పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రేపు బండి షెడ్డుకు తే" అన్నాడు సాంబయ్యతో.

"మల్ల సామాన్?"

"సామాన్ నాదే."

కొత్త కంప్రెసర్ కోసం దాచిన పైసలున్నాయి. పాతది దగ్గే ముసలివాడిలా ఆగి ఆగి నడుస్తోంది. ఆ పైసలను అనసూర్య బియ్యం డబ్బాలోంచి తీసి ఇచ్చింది. శ్యాంసుందర్ దుకాణంలో అన్నీ పక్కన పెట్టించాక సేటు గొంతు సవరించుకున్నాడు.

"అంతన్నా, జర రేటు మారింది."

"ఈసారి ఏ యుద్ధం సేటూ?"

"ఈసారి యుద్ధం గాదే. ఓడలు సుట్టు తిరిగి వస్తున్నయట."

తిరిగి రానీ, మునిగిపోనీ. అంతయ్య పళ్లు కొరుకుతూ పైసలు లెక్కపెట్టి బల్ల మీద విసిరాడు. సేటు నవ్వుతూనే ఏరుకున్నాడు.

ముసురులో రంగు కొట్టకూడదు, తేమకు తెల్లబడిపోతుంది. ఎండ కాసేదాకా ఆగాల్సి వచ్చింది. సాంబయ్య అన్ని రోజులు పస్తుండలేడు కదా. ఉల్లిగడ్డల మూటలు షెడ్డు ముందే దించుకుని, అక్కడే మైకు పెట్టి అమ్మడం మొదలుపెట్టాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "ఎర్రటి ఉల్లిగడ్డ, ఎండిన ఉల్లిగడ్డ". అంతయ్యకు పారిపోవడానికి ఇక లోపలా, బయటా అన్నది లేకుండా పోయింది. తల పగిలిపోతున్నా ఏమీ అనలేక, ఆ మైకు కిందే కూర్చుని బండిని గీకాడు. ఒక పక్క నుంచి తను, ఇంకో పక్క నుంచి అనసూర్య. పాత రంగు పొడిపొడిగా రాలి కాళ్ల మీద పడేది. ఒంటి మీద పుండును గీకుతున్నట్టే ఉందతనికి.

అన్నిటికంటే చివర వెనక తలుపు మిగిలింది.

"గాడ గట్టిగనే ఉన్నట్టుంది. గా ఒక్క ముక్క ఇడిసిపెట్టరాదూ?" అంది అనసూర్య. ఇన్ని రోజుల్లో ఆమె మెత్తగా మాట్లాడటం అదే మొదలు.

అంతయ్య ఇనుప పట్టీని పేరు కింద మెల్లగా దూర్చాడు. గట్టిగా గీకాల్సి వస్తుందని చెయ్యి బిగించాడు. అక్కర లేకపోయింది. 'అంతయ్య, పెద్దపల్లి' మొత్తం ఒకే పెచ్చుగా, ఒక్క అక్షరం కూడా విరగకుండా లేచి, అతని అరచేతిలో పడింది. పైన పసుపుపచ్చ అక్షరాలు అట్లాగే నిగనిగలాడుతున్నాయి. తిరగేసి చూస్తే అడుగున అంతా పిండిపిండి ఎరుపు. అదొక్కటి నిలిచిందని ఇన్నాళ్లూ అనుకున్నాడు. నిలవలేదు. దేనికీ అంటుకోకుండా ఊరికే వేలాడుతూ ఉంది.

అతను ఆ పెచ్చును పారేయలేక, పెట్టుకోలేక, చివరికి చెత్తడబ్బాలో వేశాడు.

ఎండ కాసింది. పుట్టీ, ప్రైమర్, రంగు, పైన క్లియర్ కోటు, ఏదీ తక్కువ చేయకుండా కొట్టాడు. మిగిలిన ఎరుపుతో గోడ మీది రాతనంతా కప్పేశాడు. సాంబయ్య కొబ్బరికాయ కొట్టి, మునుపటిలాగే "పేరు రాయన్నా" అన్నాడు.

"రాయ."

"మల్ల కోపమా?"

"కోపం గాదు. వానలు పోనీ. ఒక్క వానకాలం తట్టుకున్నంక రాస్త."

అప్పటినుంచి బండి పేరు లేకుండానే గల్లీల్లో తిరిగింది. వాన పడిన ప్రతి పొద్దూ అది షెడ్డు ముందు ఆగేది. అంతయ్య బయటికొచ్చి, మడ్‌గార్డుల కింద వేలు పెట్టి తడిమి, తలుపులు తట్టి, చెయ్యి ఊపి పంపేవాడు. గోడ మీద రాత పోయింది గానీ పని ఏమంత పెరగలేదు. "గుత్తకెంత?" అని అడిగేవాళ్లకు "సామాన్ ధర ఆనాడు ఎంతుంటే గంత" అని చెప్పేవాడు. సగంమంది చాయ్ తాగకుండానే పోయేవారు. కరుణాకర్ వ్యాన్లు కరీంనగర్ రంగు వేసుకుని షెడ్డు ముందు నుంచే పోయాయి. బాగానే ఉన్నాయి. అంతయ్య ఎంత వెతికినా తప్పు దొరకలేదు. అది ఇంకా మంట.

దసరా పొద్దున సాంబయ్య బండిని కడిగి, బంతిపూల దండలు కట్టి, నిమ్మకాయలు పెట్టి తెచ్చాడు. ఎరుపు ఎరుపుగానే ఉంది. ఎక్కడా బొబ్బ లేదు. అంతయ్య రెండుసార్లు చుట్టూ తిరిగి, సొంత పెట్టెలోంచి పసుపుపచ్చ ఎనామిల్ డబ్బా తీశాడు. మూత తెరిస్తే లోపల రాయిలా గడ్డకట్టి ఉంది. ఇన్ని నెలలు ఎవరికీ పేరు రాసింది లేదాయె.

పండగ పూట శ్యాంసుందర్ దుకాణం పూజ కోసం తెరిచే ఉంది. ఆ చిన్న డబ్బా కూడా పెరిగింది. ఈసారి అంతయ్య ఎందుకని అడగలేదు. సేటే చెప్పబోయాడు. "వద్దు సేటూ, పండుగ పూట యుద్ధాలొద్దు" అని డబ్బా తీసుకుని వచ్చేశాడు.

"జర చిన్నగ రాయి, గింత ధర పెట్టి తెచ్చినవ్" అంది అనసూర్య.

అతను వినలేదు. ఎప్పుడూ రాసేంత పెద్దగానే, వెనక తలుపు మీద, ఎడమ మూలన రాశాడు. రాసి బ్రష్ తుడుచుకుంటుంటే సాంబయ్య బండి ఎక్కి మైకు పెట్టాడు. మంథని రోడ్డు పొడుగునా ఆడవాళ్లు సంచులతో వాకిళ్లలోకి వచ్చారు.

అంతయ్య లోపలికి పోలేదు. బండి మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడి, రేపు దేని ధర పెరుగుతుందో అని ఆలోచించాడు.